ఉలవచారు: ఇంట్లో కాచుకోవాలా, సీసా కొనుక్కోవాలా?

కిరాణా బిల్లు తగ్గించాలనుకున్నప్పుడు ఎవరైనా ముందు చేసేది రెడీమేడ్ సరుకుల మీద కోత పెట్టడమే. అల్లం వెల్లుల్లి పేస్టు, దోశ పిండి, సాంబారు పొడి లాంటి వాటికి ఈ లెక్క తేలికే. కొన్నా చేసుకున్నా చివరికి చేతికి వచ్చేది ఒకే సరుకు. ఉలవచారు దగ్గర అలా కుదరదు. ఇంట్లో కాస్తే రెండు వస్తాయి: గిన్నెడు చారు, దాంతో పాటు కిలోకి పైగా ఉడికిన ఉలవలు. సీసా కొంటే చారు ఒక్కటే. ధరలు పోల్చేటప్పుడు చాలామంది ఆ ఉడికిన ఉలవల్ని లెక్కలోకి తీసుకోరు. నా ఉద్దేశంలో నిర్ణయమంతా వాటి మీదే ఉంది. మీ ఇంట్లో ఆ ఉలవలు తింటారా? తింటే ఇంట్లో కాయండి. తినకుండా పారబోసే ఇల్లయితే కొనుక్కోవడమే మేలు.

ఉలవచారు ఎలా పుట్టిందో చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. ట్రాక్టర్లు రాకముందు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో దుక్కి ఎద్దులున్న ఇళ్లల్లో వాటికి దాణాగా ఉలవలు ఉడకబెట్టేవాళ్లు. ఉలవలు ఎద్దుల కుడితి తొట్టికి పోతే, ఉడికించిన నీళ్లు, అంటే కట్టు, వంటింటికి వచ్చేది. పొయ్యి ఎలాగూ వెలగాలి, ఉలవలు ఎలాగూ ఉడకాలి. చారుకని విడిగా అయ్యే ఖర్చు చింతపండు, ఉప్పు, పోపు, అంతే. అంత చౌకైన వంట మరొకటి ఉండదు. ఇప్పుడు మన ఇళ్లల్లో ఎద్దులు లేవు. ఉలవలు మనమే తినాలి, లేదంటే వాటి ధర మొత్తం చారు నెత్తిన పడుతుంది.

ముందు డబ్బు లెక్క

అర కిలో ఉలవలతో లెక్క వేద్దాం. ఐదు లీటర్ల కుక్కర్‌కి అదే సరైన కొలత. ధరలు ఊరిని బట్టి, నెలను బట్టి మారతాయి కాబట్టి ఇక్కడ నేను వేసేవి లెక్క కోసం అనుకున్న అంకెలు. మీ కొట్లో ధర పెట్టి మళ్లీ వేసుకోండి.

ఉలవలు కిలో 100 రూపాయలు అనుకుంటే అర కిలో 50. చింతపండు 60 గ్రాములు, కిలో 200 చొప్పున 12. రెండు ఉల్లిపాయలు, నాలుగైదు పచ్చిమిర్చి, చిన్న బెల్లం ముక్క, వెల్లుల్లి, కరివేపాకు, పోపు గింజలు, రెండు మూడు చెంచాల నూనె, అన్నీ కలిపి 25. ఇక గ్యాస్. 14.2 కిలోల సిలిండర్ 900 రూపాయలు అనుకుంటే కిలో గ్యాస్ 63 రూపాయలు. కుక్కర్‌లో గంటకు పైగా ఉడకడానికి, తర్వాత కట్టు మరిగి చిక్కబడటానికి ఇంకో గంట, అన్నీ కలిపి పావు కిలో గ్యాస్ ఖర్చయినా 16 రూపాయలు. మొత్తం 103.

దీనికి వచ్చే చారు, మీరు ఎంత చిక్కగా దించుతారన్న దాన్ని బట్టి, ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా ఉంటుంది. ముప్పావు లీటరే అనుకుంటే 100 మిల్లీలీటర్లకు దాదాపు 14 రూపాయలు. ఉడికిన ఉలవలకు ఒక విలువ కట్టండి. పచ్చి ఉలవలకు 50 పెట్టాం కదా, ఉడికాక వాటిని 40 రూపాయల టిఫిన్ కింద లెక్కేసుకున్నా చారు ఖర్చు 63కి దిగుతుంది. అప్పుడు 100 మిల్లీలీటర్లకు ఎనిమిదిన్నర కూడా కాదు.

సీసా వైపు చూద్దాం. 250 గ్రాముల సీసా 125 రూపాయలు ఉందనుకుంటే 100 గ్రాములకు 50. పైకి చూస్తే ఇంటి చారుకి మూడున్నర రెట్లు. కానీ ఇక్కడ తొందరపడకూడదు. కొన్ని సీసాల్లో ఉండేది బాగా మరిగించి దించిన చిక్కటి ముద్దలాంటి చారు. వేడి నీళ్లు సగానికి సగం కలుపుకోమని లేబుల్ మీదే రాస్తారు. అలాంటిదైతే 50 కాస్తా 25 అవుతుంది. కాబట్టి సీసా ధరను పోల్చాల్సింది గ్రాములతో కాకుండా, ఎన్ని కప్పుల చారు వస్తుందన్న దానితో.

అంటే ముప్పావు లీటరు చారుకి ఇంట్లో కాస్తే మిగిలేది, నీళ్లు కలిపే సీసాతో పోలిస్తే 85 రూపాయల దాకా, కలపని సీసాతో పోలిస్తే 270 దాకా. దానికి మీరు పెట్టే చేతి పని దాదాపు గంట. ఆదివారం ఒక్కటే సెలవున్న వాళ్లు 85 రూపాయల కోసం ఆ గంట పెట్టబోమంటే నేను తప్పుపట్టను. 270 మిగులుతుందంటే, పైగా ఉలవలు కూడా చేతికొస్తాయంటే, అప్పుడు ఆలోచించాల్సిందే.

తక్కువ కొలతకి మాత్రం ఈ లెక్క పనికిరాదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు, పావు కిలో ఉలవలు వేసినా నానబెట్టడం, ఉడికించడం, మరిగించడం ఏదీ తప్పదు, సమయమూ పెద్దగా తగ్గదు. వచ్చేది సగం చారే. ఇద్దరున్న ఇంట్లో కూడా అర కిలోకి తక్కువ వేయకుండా, మిగిలింది ఫ్రీజర్‌లో పెట్టుకోవడమే తెలివైన పని.

పని ఎంత, ఎక్కడ ఉంటుంది

ఉలవల్లో రాళ్లుంటాయి. అవీ ఉలవ రంగులోనే, ఉలవ సైజులోనే ఉంటాయి కాబట్టి పళ్లెంలో పోసి ఏరినా కొన్ని తప్పించుకుంటాయి. ఏరాక నీళ్లలో గాలించాలి. గిన్నెలో నీళ్లు పోసి తిప్పుతూ ఉలవల్ని కొద్దికొద్దిగా ఇంకో గిన్నెలోకి వంచుకుంటే రాళ్లు అడుగున మిగిలిపోతాయి. చారుకి రాయి వల్ల వచ్చే ఇబ్బందేమీ లేదు, వడకడతాం. గుగ్గిళ్లు తినేటప్పుడే పంటి కిందకి వస్తుంది. మెషీన్‌లో శుభ్రం చేసిన ప్యాకెట్ ఉలవలు కిలోకి పది ఇరవై రూపాయలు ఎక్కువైనా కొనడం మంచిది. ఆ డబ్బు ఈ పని తగ్గించినందుకు ఇస్తున్నట్టే.

రాత్రి నానబెడితే పొద్దున పొయ్యి ఎక్కించొచ్చు. పదీ పన్నెండు గంటలు నానాలి. కుక్కర్‌లో ఉలవలు, నీళ్లు కలిపి సగానికి మించకూడదు. పప్పుధాన్యాలు పొంగి నురగ కడతాయి, ఆ నురగ వెళ్లి వెయిట్ దగ్గర అడ్డుపడితే ప్రమాదం. ఐదు లీటర్ల కుక్కర్‌లో నానిన అర కిలో ఉలవలు పోతే లీటరున్నర నీళ్లకే చోటుంటుంది. అందుకే రెండు విడతలు. విజిల్ వచ్చాక సెగ తగ్గించి గంటసేపు ఉడికించి, కట్టు వంచేసి, అవే ఉలవల్లో ఇంకో లీటరు నీళ్లు పోసి మళ్లీ పావుగంట. రెండో కట్టు పల్చగా ఉన్నా దాన్ని వదిలేయకండి. మొదటి దానిలో కలిపేయాలి.

ఇక్కడి నుంచి పొయ్యి దగ్గరే ఉండక్కర్లేదు గానీ, ఇంట్లోనైనా ఉండాలి. కట్టు ముందు తేనె రంగులో, టీ నీళ్లలా పల్చగా ఉంటుంది. గుప్పెడు ఉడికిన ఉలవల్ని మిక్సీలో మెత్తగా రుబ్బి కలిపి, చింతపండు పులుసు, ఉప్పు, కారం, బెల్లం, ఉల్లిపాయ ముక్కలు వేసి మరగనివ్వాలి. అరగంట దాటాక రంగు ముదురుతుంది, గిన్నె అంచుల చుట్టూ గోధుమ రంగు గీత పడుతుంది. గరిటె ముంచి తీస్తే దాని వెనక పొరలా అంటుకోవాలి, వేలితో గీత గీస్తే ఆ గీత నిలవాలి. అదీ దించాల్సిన సమయం. పోపు చివర్లో వేయాలి: ఆవాలు, జీలకర్ర, నాలుగు మెంతులు, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు, ఇంగువ.

గిన్నె సంగతి ఒకటి. చింతపండు వేశాక అల్యూమినియం గిన్నెలో గానీ, కళాయి లేని ఇత్తడి గిన్నెలో గానీ మరిగించొద్దు, పులుపు ఆ లోహాన్ని లాగుతుంది. అల్యూమినియం కుక్కర్‌లో ఉలవలు ఉడికించడం వరకు ఫర్వాలేదు. ఆ తర్వాత స్టీలు గిన్నెలోకి మార్చుకోండి. రాచ్చిప్ప, అంటే రాతి గిన్నె, ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అందులో చారు దించాక కూడా చాలాసేపు వేడిగా ఉంటుంది, ఆ వేడికే ఇంకాస్త చిక్కబడుతుంది.

దుకాణంలో దొరికేవి అన్నీ ఒకటి కావు

"కొన్న ఉలవచారు" అని ఒకే గాటన కట్టలేం. బయట నాలుగు రకాలు దొరుకుతున్నాయి, నాలుగూ నాలుగు దారులు.

సూపర్‌మార్కెట్లో దొరికే ఫ్యాక్టరీ సీసా లేదా పౌచ్ మొదటిది. సీలు చేశాక బాగా వేడి చేసి సూక్ష్మజీవుల్ని చంపడం వల్ల నెలల తరబడి బయటే నిలవ ఉంటుంది. దీన్ని కొనేటప్పుడు వెనక లేబుల్ చదవడానికి ఒక్క నిమిషం పెట్టండి. మన దేశంలో ప్యాకెట్ ఆహారం మీద దినుసుల్ని బరువును బట్టి, ఎక్కువ ఉన్నదాన్ని ముందు రాయాలి. నీళ్ల తర్వాత ఉలవలు ఉంటే మంచిదే. ఉలవలకంటే ముందు మొక్కజొన్న పిండి, శనగపిండి లాంటివి కనిపించినా, ఐఎన్ఎస్ 1422 (ఐఎన్ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకి ఇచ్చే నంబరు) అనే మార్చిన పిండి పదార్థమో, ఐఎన్ఎస్ 415 అనే జిగురో ఉన్నా, ఆ చిక్కదనం మరిగించడం వల్ల వచ్చింది కాదన్నమాట. ఇవి వాడటానికి అనుమతి ఉంది, విషాలేమీ కావు. కానీ మనం ఇచ్చేది ఉలవల ధర, కొనేది పిండి చిక్కదనం. ఐఎన్ఎస్ 211 అంటే చెడిపోకుండా వేసే సోడియం బెంజోయేట్, ఐఎన్ఎస్ 621 అంటే అజినోమోటో.

ఉప్పు తప్పకుండా చూడాలి. పోషకాల పట్టికలో సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే రెండు గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి ఐదు గ్రాముల కంటే తక్కువ ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ ఉన్నవాళ్లున్న ఇంట్లో ఈ ఒక్క అంకె చూసి సీసా వెనక్కి పెట్టేయాల్సి రావచ్చు. ఇంట్లో అయితే ఉప్పు మన చేతిలో ఉంటుంది.

పచ్చళ్లు, పొడులు, పిండివంటలు అమ్మే దుకాణాల్లో దొరికేది రెండో రకం. రుచిలో చాలాసార్లు ఇదే ఫ్యాక్టరీ సీసా కంటే బాగుంటుంది, ఎందుకంటే చిన్న కొలతల్లో కాస్తారు. ఇక్కడ చూడాల్సింది తేదీ, నిల్వ. తయారైన తేదీ, పద్నాలుగు అంకెల ఆహార లైసెన్సు నంబరు లేకుండా ఒట్టి డబ్బాలో పోసి ఇస్తే ఆ రోజో మర్నాడో వాడుకోవడానికే తీసుకోండి. పైన నూనె తేలుతోంది కదా, పచ్చడిలా నిలవ ఉంటుందనుకోవద్దు. పచ్చడిలో తేమ తక్కువ, ఉప్పు ఎక్కువ. చారులో అంతా నీళ్లే. మూత ఉబ్బినా, తెరవగానే బుస్సుమని గాలి వచ్చినా రుచి కూడా చూడకుండా పారేయండి.

మూడోది కర్రీ పాయింట్. ఒకరిద్దరు ఉన్న ఇంట్లో ఒక్క పూటకి తినాలనిపిస్తే దీన్ని మించింది లేదు. ఒక కప్పు కొంటే సరిపోతుంది, మిగిలేదీ పాడయ్యేదీ ఏమీ లేదు. ఉలవచారు అన్ని చోట్లా రోజూ పెట్టరు కాబట్టి ఏ రోజు ఉంటుందో అడిగి పెట్టుకోవాలి. కాస్త పల్చగా ఉంటే ఇంటికి తెచ్చి పది నిమిషాలు మరిగించుకుంటే చాలు. ఎలాగూ మళ్లీ కాగిస్తాం.

నాలుగోది పొడి. ఉలవలు, కందిపప్పు, ధనియాలు, మిరపకాయలు వేయించి పట్టించి, చింతపండు పొడి కలిపి అమ్ముతారు. నీళ్లలో వేసి మరిగిస్తే ఐదు నిమిషాల్లో చారు. దీన్ని నేను ఉలవచారుకి బదులు అనను. ఇందులో చిక్కదనం వేయించిన పిండిది, రుచీ ఆ పిండిదే. కానీ దీనికి ఒక మంచి గుణం ఉంది. ఉలవ మొత్తం కడుపులోకి వెళ్తుంది. హాస్టల్లో ఉన్న పిల్లలకు, రూముల్లో వండుకునే వాళ్లకు మామూలు చారు కింద ఇది బాగా పనికొస్తుంది. ఇంట్లో చేసుకున్నా కష్టం కాదు, ఉలవలు సన్న సెగన చిటపటలాడి మంచి వాసన వచ్చేదాకా వేయించడమే అసలు పని.

బలం ఎందులో ఉంది

ఉలవచారు తాగితే బలమని చిన్నప్పటి నుంచీ వింటాం. సీసాల మీద కూడా అదే రాసి అమ్ముతారు. ఉలవల్లో ప్రోటీన్ ఉన్న మాట నిజం, 100 గ్రాముల పచ్చి ఉలవల్లో సుమారు 22 గ్రాములు. ఇనుము, కాల్షియం కూడా బాగానే ఉంటాయి. కానీ ఆ ప్రోటీన్‌లో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. కట్టులోకి దిగేది కరిగిన పిండి పదార్థం, కొంత ఖనిజం, రంగు, వగరు, వాసన. దుక్కి దున్నిన ఎద్దుకి బలం వచ్చింది ఉలవలు తిన్నందుకు. మనం తాగింది ఆ ఉలవల నీళ్లు.

అందుకని ఉలవచారుని తక్కువ చేయడం లేదు. వేడి అన్నంలో నెయ్యో, వెన్నపూసో, గడ్డ మీగడో వేసుకుని ఉలవచారు కలుపుకుంటే వచ్చే తృప్తి వేరు. కానీ ప్రోటీన్ కోసమని ఎక్కువ ధర పెట్టి సీసా కొనడం మాత్రం డబ్బు దండగ. ప్రోటీనే కావాలంటే అదే డబ్బుతో ఉలవలు కొని గుగ్గిళ్లు చేసి పెట్టండి. అలాగే కిడ్నీలో రాళ్లు కరుగుతాయని ఉలవచారుని మందులా తాగేవాళ్లున్నారు. అలాంటి నొప్పి ఉన్నప్పుడు ముందు వెళ్లాల్సింది డాక్టర్ దగ్గరికి.

ఉడికిన ఉలవల్ని ఏం చేయాలి

రెండుసార్లు కట్టు తీసిన ఉలవలు కాస్త చప్పగా ఉంటాయి. అందుకే తినరు, అందుకే పారేస్తారు. చప్పదనం పోగొట్టడం పెద్ద విషయమేమీ కాదు. గుగ్గిళ్లకి మామూలు కంటే పోపు కాస్త దిట్టంగా పెట్టండి: ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, దించాక పచ్చికొబ్బరి, నిమ్మరసం. సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇది పెడితే బిస్కెట్ ప్యాకెట్ ఖర్చు ఒకటి తగ్గుతుంది. కిరాణా బిల్లులో అసలు ఆదా నాకు కనిపించేది ఇక్కడే.

బరకగా రుబ్బి, అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, రెండు చెంచాల బియ్యప్పిండి కలిపితే వడలకి బాగుంటుంది. ఉడికినవి కాబట్టి పిండి జారుగా ఉంటే నూనెలో విడిపోతాయి. నీళ్లు పూర్తిగా ఓడ్చి రుబ్బాలి. వంకాయ కూరలో గుప్పెడు వేయొచ్చు. చపాతీలోకి రాజ్మా చేసినట్టు టమాటా, ఉల్లిపాయ, గరం మసాలాతో కూర చేయొచ్చు. ఇది ఉత్తరాది వంట అలవాటైన పిల్లలకి నచ్చుతుంది. ఇవేవీ ఇవాళ కుదరకపోతే చిన్న డబ్బాల్లో పెట్టి ఫ్రీజర్‌లోకి తోసేయండి. ఒక్క జాగ్రత్త: అలవాటు లేనివాళ్లకి ఉలవలు కడుపు ఉబ్బరం చేస్తాయి. మొదట చిన్న గిన్నెడుతో మొదలుపెట్టాలి.

ఇవన్నీ చదివాక "మా ఇంట్లో ఎవరూ ముట్టరు" అనిపిస్తే ఆ మాట గుర్తుపెట్టుకుని సీసా కొనుక్కోండి. అర కిలో గింజలు చెత్తబుట్టలో పడేసి చారు చౌకగా వచ్చిందనుకోవడం లెక్క తప్పడమే.

రుచి

చిక్కగా దించిన ఇంటి చారు సీసా చారు కంటే బాగుంటుందని చాలామంది అంటారు, నేనూ అంటాను. దానికి కారణం తాజా పోపు. సీసాలో వెల్లుల్లి, కరివేపాకు, ఇంగువ వాసన నెలల తరబడి నిలవదు. అందుకే కొన్న చారు అయినా సరే వేడి చేసేటప్పుడు మళ్లీ చిన్న పోపు పెట్టుకుంటే సగం తేడా పోతుంది. ఐదు రూపాయల ఖర్చు, రెండు నిమిషాల పని.

ఉలవల్లో గోధుమ రంగువీ, నల్లవీ రెండూ దొరుకుతాయి. నల్ల ఉలవలతో చారు రంగు బాగా ముదురుగా వస్తుంది. పాత ఉలవలు ఎంత ఉడికించినా గట్టిగానే ఉంటాయి, కట్టు కూడా సరిగా దిగదు. వర్షాలు ఆలస్యమైనప్పుడు అనంతపురం వైపు రైతులు వేరుశనగకి బదులు చివరి ఆశగా వేసే పంటల్లో ఉలవ ఒకటి. సంక్రాంతి దాటాక సంతల్లో కొత్త ఉలవలు కనిపిస్తే ఒక కిలో ఎక్కువ తీసుకోండి, అప్పటి చారు వేరుగా ఉంటుంది.

నిల్వ, అందులోంచి పుట్టే మధ్యేమార్గం

రోజూ ఒకసారి కాగబెట్టుకుంటూ నాలుగైదు రోజులు బయటే ఉంచడం పాత పద్ధతి. మన ఎండలకి, మన అపార్ట్‌మెంట్ వంటగదుల వేడికి నేను ఆ సలహా ఇవ్వను. వేడిని తట్టుకుని, చారు గోరువెచ్చగా ఉన్నప్పుడు మళ్లీ పెరిగే సూక్ష్మజీవులున్నాయి. దించిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. పెద్ద గిన్నె ఆలస్యంగా చల్లారుతుంది కాబట్టి చిన్న గిన్నెల్లోకి పంచండి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, అంతకు మించితే ఫ్రీజర్. మొత్తం గిన్నెని మాటిమాటికీ కాగబెట్టకుండా ఆ పూటకి కావలసినంతే తీసుకోండి. కొన్న సీసాకీ ఇదే వర్తిస్తుంది. లేబుల్ మీద ఉన్న గడువు సీలు తీయనంత వరకే.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంటికి నేను చెప్పేది ఇంకోటుంది. నెలకోసారి కట్టు మాత్రం కాచి, చింతపండు, పోపు ఏమీ వేయకుండా సగానికి మరిగించి, చల్లార్చి చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోవడం. పులుపు లేని కట్టు త్వరగా చెడిపోతుంది కాబట్టి అదే రోజు గడ్డకట్టించాలి. తినాలనుకున్న రోజు ఒక డబ్బా తీసి చింతపండు, ఉప్పు, కారం వేసి ఇరవై నిమిషాలు మరిగించి పోపు పెడితే సరి. సీసా కొన్నంత తేలిక, ఇంట్లో కాచిన ధర, పోపు మాత్రం ఎప్పటికప్పుడు తాజాది. కందిపప్పు చారులోకి, బిర్యానీ మసాలాలోకి కూడా ఇదే కట్టు వాడొచ్చు.

ఇరవై మందికి పైగా భోజనాలున్నాయంటే మాత్రం ఇంటి కుక్కర్ జోలికి పోకుండా వంటవాళ్లకే అప్పగించండి. పెద్ద డేగిసాల్లో కాచేటప్పుడు వాళ్లకి గ్యాస్, శ్రమ ఒక్కో మనిషికి తక్కువ పడతాయి, మీకూ ధర తగ్గుతుంది.

దేశం బయట ఉన్నవాళ్లకు

అమెరికాలో, గల్ఫ్‌లో, ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లకి లెక్క ఇంకా ఇంటి వైపే మొగ్గుతుంది. ఇక్కడి నుంచి వెళ్లిన సీసాకి రవాణా ఖర్చు, అక్కడి దుకాణం లాభం కలిసి ధర బాగా పెరుగుతుంది. నీళ్ల బరువుకి కూడా ఓడ కిరాయి కడుతున్నట్టే. ఎండు ఉలవలు అలా కావు, నీళ్లు అక్కడి కొళాయివే. ఇండియన్ స్టోర్లో ప్యాకెట్ మీద తెలుగు పేరు లేకపోతే హార్స్ గ్రామ్, కుల్తీ, కొల్లు అని వెతకండి. గల్ఫ్‌లో మలయాళీ దుకాణాల్లో ముతిర అని ఉంటుంది.

అక్కడ చాలామంది దగ్గరున్న ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌లో విజిళ్ల లెక్క ఉండదు. పప్పుధాన్యాలకి లోపల గీసిన సగం గీత దాటకుండా నింపి, హై ప్రెషర్ మీద 50 నిమిషాలు పెట్టి, ఆవిరి దానంతటదే దిగేదాకా ఆగండి. మధ్యలో వాల్వ్ తెరిస్తే నురగతో సహా బయటికి చిమ్ముతుంది. తర్వాత అదే కుక్కర్‌ని సాటే మోడ్‌లో పెట్టి మూత తీసి మరిగించుకోవచ్చు. లోపలి గిన్నె స్టీలుదైతే చింతపండుకీ ఇబ్బంది లేదు. మరిగేటప్పుడు వెంట్ ఫ్యాన్ వేసి, కిటికీ తెరిచి ఉంచండి. పోపు మాత్రం వేరే చిన్న బాండీలో పెట్టి పైన వేయండి.